ఖిద్మత్ సరే, ఫుర్సత్ ఎవరి హక్?

తెలంగాణలో "పుర్సత్ లేదు" అనని ఇల్లుండదు. కరీంనగర్ మార్కెట్లో కూరగాయలమ్మే అవ్వ అంటుంది, కలెక్టరేట్‌లో ఫైళ్లు మోసే అటెండర్ అంటాడు. అది ఉర్దూ మాట అని ఎవరికీ గుర్తుండదు, గుర్తుండాల్సిన అవసరం కూడా లేదు. బడి చదువంతా ఉర్దూ మీడియంలో సాగినోణ్ణి గనుక నా చెవికి మాత్రం ఇంకా ఫుర్సత్ అనే వినబడుతుంది. ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను గానీ దానికి సరిపోయే తెలుగు మాట నాకు దొరకలేదు. తీరిక అంటే పనంతా అయ్యాక మిగిలే సమయం. ఫుర్సత్ అంటే నా లెక్కలో మనిషి తన కోసం, తనవాళ్ల కోసం ముందే పక్కన పెట్టుకునే సమయం. మిగిలితే తీసుకునేది కాదది, హక్.

మన ప్రాణాలు కాపాడే నౌకరీలో ఉన్నవాళ్ల దగ్గర ఆ హక్‌ను ఏళ్లుగా ముఆవజా లేకుండా గుంజుకుంటున్నారు. అంబులెన్సు నడిపేవాళ్లు, అందులో రోగి పక్కన కూర్చునే టెక్నీషియన్లు, బెటాలియన్ పోలీసులు, ఫైర్ సిబ్బంది. గుంజుకునేటప్పుడు వాడే మాట ఒకటే: సేవ. ఉర్దూలో చెబితే ఖిద్మత్. చాలా పవిత్రమైన మాట. అందుకే దాని వెనుక జుల్మ్ దాచడం అంత సులువైంది.

2024 అక్టోబర్ గుర్తుందా? తెలంగాణ స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు చంకన పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కారు. మన పాత కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల బెటాలియన్ దగ్గర, మన పాత ఆదిలాబాద్ జిల్లాలోని మంచిర్యాల పక్కన గుడిపేట బెటాలియన్ దగ్గర, అట్లే వరంగల్, డిచ్‌పల్లి, నల్గొండ వైపు. సెలవుల పద్ధతి మార్చారు, పదిహేను రోజులకోసారి ఇంటి ముఖం చూసే మనిషి ఇక నెలకోసారి వస్తాడట, అది వాళ్ల మొదటి ఫిర్యాదు. ఎప్పుడు ఏ ఊరికి పంపుతారో తెలియదు, పిల్లల్ని ఒక బడిలో కుదురుగా చదివించలేకపోతున్నాం అన్నది రెండోది. బెటాలియన్లలో గడ్డి కోయించడం, మట్టి పనులు చేయించడం ఏమిటన్నది మూడోది. వాళ్ల నినాదం "ఏక్ పోలీస్". రాష్ట్రమంతా పోలీసులకు ఒకే పద్ధతి ఉండాలని. తెలుగు తప్ప మరో భాష మాట్లాడని ఆడబిడ్డలు కూడా ఆ రెండు మాటలే పట్టుకున్నారు.

జవాబు ఎట్లా వచ్చింది? సెలవుల మార్పును తాత్కాలికంగా ఆపారు. దాంతో పాటే 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని నౌకరీ నుంచే తీసేశారు. విచారణ లేకుండానే తొలగించే వీలు 311వ అధికరణలో ఉంది, దాన్నే వాడారు. క్రమశిక్షణ కలిగిన బలగం ఆందోళన చేయకూడదన్నారు. యూనిఫాం వేసుకున్నవాళ్లకు ఆ నియమం వర్తిస్తుందనే అనుకుందాం. మరి భార్యకు ఏ సర్వీసు రూల్ వర్తిస్తుంది? ఆమె యూనిఫాం వేసుకోలేదు, జీతం తీసుకోలేదు, ప్రమాణం చేయలేదు. ఆమె నోరు తెరిస్తే మగని నౌకరీ ప్రమాదంలో పడుతుందంటే, సర్కారు దృష్టిలో ఆ ఇల్లు మొత్తం బెటాలియన్‌లో భాగమే. డ్యూటీ చార్టులో పేరు లేని సిపాయి ఆమె.

ఇక్కడొక మాట. 'బర్తరఫ్' మన పత్రికల తెలుగులో స్థిరపడిపోయిన ఫార్సీ మాట. నేను పనిచేసిన ప్రతి డెస్క్‌లో అది హెడ్డింగులకెక్కింది. సెలవుకు మా పెద్దలు వాడిన 'రజా' మాత్రం ఈ కాలం పిల్లలకు చెబితే అర్థం కావట్లేదు. ఏ మాట బతికిందో, ఏది పోయిందో చూడండి.

ఇక 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ దాన్ని నడిపింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే చేతికి వెళ్లింది. రాష్ట్రం రెండైంది, ముఖ్యమంత్రులు మారారు, బండ్ల రంగులు మారాయి. 2023 ఆగస్టు 1న ఒక్కరోజే 204 కొత్త 108 బండ్లకు జెండా ఊపారు. ఆ ఫొటో అన్ని పేపర్లలో మొదటి పేజీకి ఎక్కేదే. మారనిది పన్నెండు గంటల షిఫ్టు. దాన్ని ఎనిమిది గంటలు చేయండని కార్మిక సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, 2018లో తెలంగాణలో సమ్మెకు దిగినప్పుడూ అడిగాయి. కొత్త బండి కొంటే రిబ్బన్ కత్తిరించొచ్చు. ఆ బండి మీదికి మూడో జట్టును తీసుకుంటే కత్తిరించడానికి ఏముంటుంది?

హిసాబ్ చేద్దాం, ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు. వారానికి 168 గంటలు. బండి అన్ని గంటలూ సిద్ధంగా ఉండాలి. ఒక మనిషి చట్టప్రకారం 48 గంటలు పనిచేస్తే ఒక బండికి మూడున్నర జట్లు కావాలి. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, చావులు కలుపుకుంటే నాలుగు. రెండే జట్లుంటే మనిషికి వారానికి 84 గంటలు. మధ్యలో ఒక రిలీవర్‌ను పెట్టి ముగ్గురితో లాగితే 56. అంటే రిలీవర్ ఉన్నా లెక్క చట్టం దాటే ఉంటుంది. రోజుకు పన్నెండు చొప్పున ఆరు రోజులు చేసినవాడు 72 దగ్గర తేలుతాడు. వారానికి 55 గంటలు దాటి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. గుండెపోటు వచ్చినవాణ్ణి దవాఖానాకు మోసేవాడి గుండె గురించే ఈ అంకెలు.

"ఎమర్జెన్సీ భాయ్, ఎనిమిది గంటలకు ఆగిపోతుందా?" అని అడిగేవాళ్లుంటారు. చదువుకున్నవాళ్లే అడుగుతారు. వాళ్లను గోదావరిఖనికో, మందమర్రికో, బెల్లంపల్లికో తీసుకెళ్లాలి. బొగ్గు బాయి కూడా ఆగదు. లోపల గాలి ఆడించే ఫ్యాన్ ఆగితే మనుషులు చస్తారు, నీళ్లు తోడే పంపు ఆగితే బాయి మునుగుతుంది. ఇరవై నాలుగు గంటలూ నడవాలి గనుకనే అక్కడ మూడు షిఫ్టులున్నాయి. పొద్దున ఏడింటికొకటి, మూడింటికొకటి, రాత్రి పదకొండింటికొకటి. సైరన్ మోగితే ఊరికి టైం తెలుస్తుంది. వారానికో ప్లేడే. సింగరేణి ఏదో జన్నత్ అని నేననను. బాయిల్లో చనిపోయినవాళ్ల జనాజాలకు నేనూ నడిచాను. అయినా ఆ మజ్దూర్ భార్యకు మగడు ఎన్నింటికి ఇంటికి రావాలో తెలుసు. ఆ సమయం దాటితే ఎవర్ని అడగాలో కూడా తెలుసు. ఈ హక్ ఎవరో దానం చేసింది కాదు, ఎర్రజెండాల కింద తరాల తరబడి కొట్లాడితే వచ్చింది.

గోదావరిఖనిలోనే అంబులెన్సు డ్రైవర్ భార్య ఒకామె నాతో అన్నది: "సింగరేణోళ్ల పోరగాండ్లకు నాయిన ఎప్పుడొస్తడో సైరన్ జెప్తది అన్నా. మా పోరగాండ్లకు సైరన్ ఇనబడ్డదంటే నాయిన పోతున్నడన్నట్టు." దీనికి నేను ఏ వ్యాఖ్యానం కలపగలను?

ఎండాకాలంలో ఆ ఇళ్లు చూడాలి. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు మామూలు. రాత్రంతా బండి నడిపిన మనిషి పొద్దున తొమ్మిదింటికి రేకుల గదిలో పడుకోవాలి. కూలర్ గాలి వేడి గాలే. గది ఒకటే. పిల్లలకు ఎండాకాలం సెలవులు. వాళ్లు ఇంట్లో ఉంటే చప్పుడు, బయటికి పోతే వడదెబ్బ. తల్లి ఏం చేస్తుంది? టీవీ బంద్ చేస్తుంది, కుక్కర్ విజిల్ రాకుండా గిన్నెలో వండుతుంది, గంటెకు చప్పుడు కాకుండా తిప్పుతుంది, తలుపు కొట్టేవాళ్లకు ముందే ఎదురెళ్లి సైగ చేస్తుంది. కరీంనగర్‌లో అంబులెన్సు నడిపే దోస్తు ఒకడున్నాడు నాకు. వాళ్ల చిన్నోడికి నాలుగేళ్లు. మా ఇంటికి వచ్చినా వాడు గుసగుసగానే మాట్లాడతాడు. ఎందుకు బేటా అంటే పెదవి మీద వేలు పెట్టి "అబ్బా సో రహే" అంటాడు. అబ్బా అప్పుడు అక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో ఎవరినో స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నాడు. పిల్లవాడికి మాత్రం ప్రపంచమంతా అబ్బా నిద్రపోతున్న ఒకే గది.

అదే దోస్తు రంజాన్‌లో బండి డ్యాష్‌బోర్డులో నాలుగు ఖజూర్లు పెట్టుకుంటాడు. అజాన్ వినబడితే ఒకటి నోట్లో వేసుకుని గేరు మారుస్తాడు. దాని గురించి వాడు ఏనాడూ శికాయత్ చేయలేదు. ఒకరి ప్రాణం నిలబెట్టడం ఎంత సవాబో మాకెవరూ చెప్పనక్కర్లేదు. వాడి శికాయత్ వేరే. ముప్పై రోజుల్లో కనీసం పది రోజులు దస్తర్‌ఖాన్ దగ్గర బీవీ బచ్చేతో కూర్చునేలా షిఫ్టు ముందే రాసి ఇవ్వమంటాడు. బతుకమ్మకు బిడ్డల్ని పుట్టింటికి తీసుకుపోవాల్సిన అతని పార్ట్‌నర్ కూడా అదే అడుగుతాడు. పండగ రోజు డ్యూటీ పడటం పెద్ద బాధ కాదట ఇద్దరికీ, పడుతుందో లేదో ముందురోజు రాత్రి దాకా తెలియకపోవడం బాధ.

"కేసు లేనప్పుడు ఖాళీగానే కూర్చుంటారు కదా" అన్నది రెండో వాదన. ఆఫీసర్లకు బాగా ఇష్టమైన వాదన కూడా. కేసు రాకపోతే అది విశ్రాంతట. బెల్జియంలోని నివెల్ అనే ఊళ్లో ఫైర్ సర్వీసులో పనిచేసే ఒకతను ఈ వాదన మీదే కోర్టుకెక్కాడు. స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ఇంట్లోనే ఉండొచ్చు, పిలుపొస్తే ఎనిమిది నిమిషాల్లో స్టేషన్‌లో ఉండాలి. అది పని సమయమా, విశ్రాంతి సమయమా? యూరోపియన్ కోర్టు 2018 ఫిబ్రవరి 21న తీర్పు చెప్పింది: ఎనిమిది నిమిషాల తాడు కట్టి ఉంచిన మనిషి తన సొంత పనులు, తన వాళ్ల పనులు చూసుకోలేడు గనుక ఆ సమయమూ పనే. గమనించండి, అతను ఉన్నది సొంత ఇంట్లో, సొంత మంచం మీద. మనవాళ్లు ఉండేది రోడ్డు పక్కన చెట్టు కింద బండిలో. అది విశ్రాంతి అనేవాళ్లు ఒక జూన్ మధ్యాహ్నం ఆ స్ట్రెచర్ మీద పడుకుని చూడాలి.

ఆదిలాబాద్ వైపు వస్తే ఈ లెక్కలన్నీ ఇంకా అధ్వానం. ఉట్నూరు, నార్నూరు, జైనూరు వైపు గోండు గూడేలకు బండి చివరిదాకా పోదు. వానాకాలం వాగు పొంగితే మంచం మీదో, ఎడ్లబండి మీదో తెచ్చిన బాలింత కోసం ఇవతలి ఒడ్డున ఎదురుచూడాలి. అక్కడి నుంచి ఆదిలాబాద్ రిమ్స్. రిమ్స్‌లో కాదంటే హైదరాబాద్. అది దాదాపు 300 కిలోమీటర్లు, రానూపోనూ 600. ఇంకో గంటలో షిఫ్టు ముగుస్తుందనగా ఇటువంటి కేసు వస్తే పన్నెండు గంటలన్నది కాగితం మీది అంకె. ఆ రాత్రి ఇంట్లోవాళ్లు అన్నం మీద మూతపెట్టి పడుకుంటారు. పొద్దున ఆ మూత అట్లే ఉంటుంది.

పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతులు, కళ్లు, మెదడు పనిచేసే తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. మందు తాగి ఆ స్థితిలో బండి నడిపితే పోలీసులు కేసు రాస్తారు, సమాజం ఛీ అంటుంది. నిద్రలేక అంతకంటే దిగజారిన స్థితిలో రోగిని వెనకేసుకుని రాత్రి మూడింటికి మహబూబ్ ఘాట్ దిగితే "శాబాష్" అంటారు. నిద్రను కొలిచే మిషన్ ఏ చెక్‌పోస్టులోనూ లేదు.

గంటల మాట అట్లుంచండి, ఆ గంటల్లో చూసినవి ఎక్కడ దింపుకోవాలి? 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు. ఒకే కుటుంబం వాళ్లు, ఒకే ఊరి వాళ్లు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్లున్నారు. వాళ్లను పైకి తెచ్చిన చేతుల గురించి మనం పేపర్లలో ఒకటి రెండు రోజులు రాశాం. ఆ చేతులతో ఇంటికి పోయి పిల్లకు అన్నం కలిపి పెట్టడం ఎట్లా? మామూలు రోజుల్లో కూడా చిన్న మోతాదులో ఇదే నడుస్తుంది. మనసు తేటపడటానికి షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కొంత వ్యవధి కావాలి. పన్నెండు గంటల డ్యూటీ, రెండు గంటల ప్రయాణం, ఆరేడు గంటల నిద్ర పోగా మిగిలే మూడు గంటల్లో మనిషి భర్త కావాలి, తండ్రి కావాలి, అమ్మీకి మందులు తెచ్చే కొడుకు కావాలి. కాలేకపోతే కసురుకుంటాడు. కసురుకున్నందుకు సిగ్గుపడి మాట్లాడటమే మానేస్తాడు. "ఇదివరకు ఇట్ల లేకుండె" అని భార్యలు చెప్పేది దీని గురించే.

మూడో వాదన, "తెలిసే చేరారు కదా". కడుపు కాలినవాడి మజ్బూరీని ఒప్పందం అనడం మన దేశంలో పాత తరీకా. ఆ తరీకాను ఆపడానికే చట్టాలు వచ్చాయి. వైస్రాయ్ కౌన్సిల్‌లో 1942 నుంచి కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేడ్కర్ 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరింపజేసి వారానికి 48 గంటల హద్దు గీయించారు. లారీ, బస్సు కార్మికుల కోసం 1961లో చేసిన చట్టంలోనూ రోజుకు ఎనిమిది, వారానికి 48. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఎనిమిది గంటలే హద్దని అరవై ఏళ్ల కిందే పార్లమెంటు ఒప్పుకుంది. ఇప్పుడా చట్టం పోయి, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ వచ్చింది. అందులోనూ ఎనిమిదే రాసి ఉంది. రాసి ఉన్నదానికీ రోడ్డు మీద ఉన్నదానికీ మధ్య ఉన్న నాలుగు గంటలు ఎవరి ఖాతాలోకి పోతున్నాయన్నదే సవాల్.

ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. అదే రోజు ఫైర్ సర్వీస్ దినం కూడా. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పడానికి పోయిన పదుల మంది ఫైర్‌మెన్ ప్రాణాలు వదిలారు. ఏటా ఆ రోజు మన ఊళ్లలో పొద్దున విగ్రహానికి దండ వేస్తారు, ఆ తర్వాత ఫైర్ స్టేషన్‌లో నివాళి అర్పిస్తారు. రెండు చోట్లా ఉపన్యాసం ఇచ్చేవాళ్లు చాలాసార్లు వాళ్లే. పని గంటల మాట రెండు చోట్లా రాదు.

ఇప్పుడు గాలి ఎటు వీస్తుందో కూడా చూస్తున్నాం. వారానికి డెబ్బై గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో అన్నారు, తొంభై కావాలని ఎల్ అండ్ టీ చైర్మన్ 2025 జనవరిలో చర్చలోకి వచ్చారు, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారన్నారు. దేశమంతా నవ్వుకుంది. అదే ఏడాది జూలైలో తెలంగాణ సర్కారు వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలు పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు తెచ్చింది. వారానికి 48 హద్దు అలాగే ఉంది కదా అన్నారు. ఉంది. కానీ ఎనిమిది అనే అంకెకు ఉన్న ఇజ్జత్ పోయింది. ఐటీ ఉద్యోగి తొంభై గంటల మీద మీమ్ వేసి నవ్వగలడు. ఎనభై గంటల దాకా నిజంగా పనిచేసేవాడికి మీమ్ వేసే ఫుర్సత్ కూడా లేదు.

డబ్బు లేదంటారు. నాలుగో జట్టుకు జీతం ఖర్చేనని ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ ఖర్చు ఎవరూ పెట్టడం లేదని మాత్రం అనుకోకండి. కుక్కర్ విజిల్ ఆపుకునే ఆమె పెడుతోంది. గుసగుసగా మాట్లాడే నాలుగేళ్లోడు పెడుతున్నాడు. కొడుకు తీసుకుపోయే దాకా కంటి ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్న ముసలమ్మ పెడుతోంది. బడ్జెట్ పుస్తకంలో వాళ్ల పద్దు లేదు, అంతే.

మన ఎమ్మెల్యేలను అడగడానికి నా దగ్గర పెద్ద జాబితా లేదు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో ఒక్కో అంబులెన్సుకు ఎన్ని జట్లున్నాయి, వాటిలో నెలంతా నాలుగు వారపు సెలవులు నిజంగా దక్కినవి ఎన్ని, షిఫ్టు దాటి నడిచిన గంటలకు డబుల్ వేతనం ఎంతమందికి ఇచ్చారు. ఈ మూడు అంకెలు ప్రతి నెలా జిల్లా వెబ్‌సైట్లో పెట్టించండి. బెటాలియన్లకైతే నాలుగోది కూడా కావాలి: 2024 అక్టోబర్‌లో ఆపామన్న సెలవుల ఉత్తర్వు రద్దయినట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితం సిరిసిల్ల, గుడిపేట క్వార్టర్స్‌లో ఆడవాళ్లు చదువుకునేలా తెలుగులో ఉండాలి.